డాక్టర్లు వైజాగ్‌లోనే ఎందుకు పాతుకుపోతున్నారు? బీచ్ అని మాత్రం చెప్పకండి

#1 మార్చి_గడువు
సూపర్ స్పెషాలిటీ అయ్యాక హైదరాబాద్‌లో ఉండిపోకుండా వైజాగ్‌కి మకాం మార్చేవాళ్ళు ఎక్కువైపోయారు. ఇక్కడి ఆంధ్రా మెడికల్ కాలేజీ (ఏఎంసీ)లో చదివినవాళ్ళయితే సొంతూరి మీద మమకారం అనుకోవచ్చు. గుంటూరు, కర్నూలు బ్యాచ్‌లూ ఇక్కడికే వస్తున్నాయి. అడిగితే ఒకటే జవాబు, "ప్రశాంతంగా ఉంటుందండీ, బీచ్ ఉందండీ". బీచ్ చూసి ఎవడైనా పదిహేనేళ్ళ ఈఎంఐ నెత్తికెత్తుకుంటాడా? మార్చిలోగా తేల్చుకోవాల్సినవాళ్ళం ముగ్గురం ఉన్నాం: కార్డియాలజీ, నెఫ్రాలజీ, మత్తు. ఆత్మకథలు వద్దు, లెక్కలు చెప్పండి.

#2 కేజీహెచ్_డౌన్
ఊరిని కాదు, ఊరి వెనకున్న జనాన్ని చూడు. 2011 లెక్కల్లో నగరం 17 లక్షల పైన. పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు మూడూ కలిపితే 93 లక్షలు. అరకు అవతల కోరాపుట్, రాయగడ, నవరంగ్‌పూర్, మల్కన్‌గిరి ఇంకో 40 లక్షల పైచిలుకు. వీళ్ళలో చాలామందికి పెద్దాసుపత్రి అంటే 1923 నుంచీ కేజీహెచ్చే. తాతల నాటి ఆ అలవాటు మీదే ప్రైవేటు ప్రాక్టీసులూ బతుకుతున్నాయి. మహారాణిపేటలో సందుకి నాలుగు క్లినిక్కులు ఊరికే మొలవలేదు. కేజీహెచ్‌కని ఎక్కిన ఆటో పక్క సందులోకి తిరిగినా తిరుగుతుంది కదా.

#3 ఉప్పుచేప_పప్పుచారు
ఊరు మధ్యరకం, ఓపీ మాత్రం మూడు రాష్ట్రాలది. జగదల్‌పూర్ వాళ్ళని మర్చిపోయావు.

#4 తుని_జంక్షన్
93 లక్షలూ నీ ఓపీకి రారు గురూ. నర్సీపట్నం దాటి తుని వైపు సగం మంది కాకినాడ పోతారు. ఇచ్ఛాపురం వాళ్ళకి బరంపురం దగ్గర. శ్రీకాకుళంలో రిమ్స్ ఉంది, రాగోలులో ప్రైవేటు మెడికల్ కాలేజీ ఉంది. కోరాపుట్‌లో 2017 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. హెర్నియా, అపెండిక్స్, మామూలు సిజేరియన్ ఎక్కడివక్కడే అయిపోతున్నాయి. ఇక్కడిదాకా వచ్చేవి అక్కడ కానివి, లేదా అక్కడ చెయ్యి దాటిపోయినవి. జనరల్ సర్జరీ చేసి 93 లక్షల లెక్క వేసుకుని దిగితే మూడేళ్ళు ఈగలు తోలుకోవాలి.

#5 కేజీహెచ్_డౌన్
@తుని_జంక్షన్ ఒప్పుకుంటా. లెక్క బ్రాంచిని బట్టి మారుతుంది. జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీకి వైజాగ్ ఇప్పటికే కిక్కిరిసిన బస్సు. వాళ్ళకి అనకాపల్లి, బొబ్బిలి, పార్వతీపురం నయం.

#6 రెండో_క్యాథ్‌ల్యాబ్
కార్డియాలజీ లెక్క చెప్తా. దీంట్లో డబ్బు కంటే ముందు గడియారం.

గుండెపోటు పేషెంటు తలుపు దాటిన దగ్గర్నుంచి మూసుకుపోయిన రక్తనాళంలో బెలూన్ తెరుచుకునేదాకా 90 నిమిషాలే గడువు. ఈసీజీకి 10, ఒప్పుదల కాగితాలకీ డబ్బు మాటలకీ తక్కువలో తక్కువ 20, టేబుల్ మీద పడుకోబెట్టి తీగ దాటించడానికి ఇంకో 20, 25. మిగిలే 35, 40 నిమిషాల్లో డాక్టరు, టెక్నీషియను, స్క్రబ్ నర్సు ముగ్గురూ ఇళ్ళ నుంచి వచ్చి పడాలి. ఎంవీపీ కాలనీలో ఉన్నవాడు రాత్రి రెండింటికి ఇటు రామ్‌నగర్‌కైనా, అటు ఆరిలోవ హెల్త్ సిటీకైనా పావుగంటలో చేరతాడు. ఒకే డాక్టరు రెండు క్యాథ్‌ల్యాబులకి ఆన్‌కాల్ ఉండగలగడం అందుకే కుదురుతోంది. హైదరాబాద్‌లో కూకట్‌పల్లిలో ఇల్లు పెట్టుకుని ఎల్బీనగర్‌లో రెండో ఆసుపత్రి పట్టుకుని చూడండి.

కొత్తవాళ్ళు బోల్తా పడేదీ ఇక్కడే. డాక్టరు పావుగంటలో వస్తాడు, టెక్నీషియను కూర్మన్నపాలెంలో పడుకుని ఉంటాడు. సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి: రాత్రి షిఫ్టు టెక్నీషియను ఆసుపత్రిలోనే పడుకుంటాడా, ఫోన్ చేస్తే వస్తాడా? రెండోదైతే మీ 90 నిమిషాలు కాగితం మీదే.

ఇంకోటి. శ్రీకాకుళం 110 కిలోమీటర్లు. అక్కడి నుంచి వచ్చేవాడికి 90 నిమిషాల లెక్క వర్తించదు. అక్కడే గడ్డ కరిగించే టెనెక్టిప్లేజ్ వేసి పంపాలి, బరువుని బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, 75 ఏళ్ళు దాటితే సగం. 3 నుంచి 24 గంటల మధ్యలో ఇక్కడ యాంజియో చేస్తాం. సర్కారు ఆసుపత్రుల్లో ఆ ఇంజెక్షను ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక ఇలా వచ్చే కేసులు పెరిగాయి. అంటే మీ ప్రాక్టీసు నిలబడేది పాలకొండలోనో టెక్కలిలోనో వాట్సాప్‌లో ఈసీజీ పంపే ఫిజీషియన్ మీద. అర్ధరాత్రి రెండు నిమిషాల్లో బదులిచ్చేవాడికే ఆ కేసు వస్తుంది.

#7 హైటెక్_విసుగు
ఇదంతా మామూలు స్టెంటు కథ. పసిపిల్లల గుండె ఆపరేషన్లు, ఎలక్ట్రోఫిజియాలజీ, వాల్వు మార్పిడి సంగతేంటి? నెలకి రెండు మూడు కేసులు చేస్తే చెయ్యి మొద్దుబారిపోతుంది. కేథటర్లు కేసుకి కేసు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవాలి, కంపెనీ మనిషి విమానంలో రావాలి, కేసు వాయిదా పడితే అతని ఖర్చు మీ నెత్తిన. నేర్చుకున్న పనిలో సగం మర్చిపోవడానికి వైజాగ్ రావాలా?

#8 రెండో_క్యాథ్‌ల్యాబ్
@హైటెక్_విసుగు సరైన మాటే. అలాంటివి చేసేవాళ్ళు విడిగా రాకూడదు. కేసులు పోగేసి నెలలో ఒక శనివారం నాలుగూ వరసగా పెట్టుకుంటే కంపెనీ మనిషి ఒకసారి వస్తే సరిపోతుంది. అయినా మూడేళ్ళ ఫెలోషిప్ చేసి రోజూ అదే పని కావాలనుకునేవాడికి హైదరాబాదే మంచిది. దాచడానికేముంది.

#9 ఏటిగురూ
శనివారం కేసు, ఆదివారం కంపెనీ వాడికి బొర్రా గుహలు. వాడు వాయిదా వెయ్యడు, కావాలంటే రాసిస్తాను.

#10 మార్చి_గడువు
నెఫ్రాలజీ గురించి? కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ఉంది కాబట్టి కేసులకి కొదవ ఉండదంటున్నారు. మావాడు మధురవాడ వైపు పది మెషీన్ల యూనిట్ అనుకుంటున్నాడు.

#11 ఆర్వో_ప్లాంటు
కేసులు ఉంటాయి. నీళ్ళు ఉంటాయా అన్నది ముందు చూడమను.

ఒక డయాలిసిస్‌కి డయాలసేట్ (రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం) నిమిషానికి 500 మి.లీ. నాలుగు గంటలకి 120 లీటర్లు. మెషీన్ కడగడానికి, క్రిమిశుద్ధికి కలిపి 150 అనుకో. ఇదంతా ఆర్వో నీరు. ప్లాంటు లోపలికి పోసిన దాంట్లో సగం దగ్గర దగ్గర రిజెక్టుగా బయటికి పోతుంది కనక పేషెంటుకి 250 లీటర్ల పైనే ముడి నీరు కావాలి. పది మెషీన్లు, మూడు షిఫ్టులు, 30 మంది: రోజుకి 7,500 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. మే నెలలో రోజూ. బిల్డింగు యజమాని "కుళాయి ఉందండీ, బోరు ఉందండీ" అంటాడు. ఆ కుళాయి రోజుకి ఎంతసేపు వస్తుంది, గంటకి ఎన్ని లీటర్లు పడుతుందో బకెట్టు పెట్టి కొలవండి. సంపు కనీసం రెండు రోజులకి సరిపోవాలి, అంటే 15,000 లీటర్లు. తర్వాత తవ్వుదాంలే అంటే సెల్లార్‌లో అప్పటికే నాలుగు కార్లు, ఒక జనరేటర్ ఉంటాయి.

ఉద్దానం సంగతి. పలాస ఇక్కడికి సుమారు 200 కి.మీ. వారానికి మూడుసార్లు రానూ పోనూ ఎవరి వల్లా కాదు. 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, ఆ చుట్టుపక్కల డయాలిసిస్ సెంటర్లూ ఉన్నాయి. కాబట్టి రోజువారీ డయాలిసిస్ పేషెంటుగా ఉద్దానం వాడిని లెక్కలో వేసుకోవద్దు. ఇక్కడికి వచ్చేది ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలపడం) కోసం, మూసుకుపోయిన ఫిస్టులా తెరిపించుకోడానికి, మార్పిడి ముందు పరీక్షలకి. ఫిస్టులా పెట్టాక ముదరడానికి ఆరు వారాలు. చాలామంది మెడలో కేథటర్‌తో, రెండు చేతులకీ సెలైన్ల సూదులు గుచ్చించుకుని వస్తారు. ఎడమ చేతికి సూది పొడవొద్దని ముద్ర కొట్టించిన చీటీ ఓపీలో ఇచ్చి పంపడం చిన్న పనే. ఏడాది తర్వాత సర్జన్‌కి నరం మిగులుతుంది.

#12 బోరునీళ్ళు
సముద్రం దగ్గరి బోర్లలో ఉప్పు ఎక్కువ. వర్షాకాలంలో పరీక్ష చేయించి "టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) బాగానే ఉంది" అని సంతోషపడొద్దు, ఏప్రిల్‌లో మళ్ళీ చూడండి. టీడీఎస్ పెరిగితే మెంబ్రేన్ ఆయుష్షు సగానికి పడిపోతుంది, రిజెక్టు నీరు ఇంకా పెరుగుతుంది.

#13 ఆర్వో_ప్లాంటు
@బోరునీళ్ళు అవును. కుళాయి నీళ్ళకి ఇంకో తిప్పలు. వానలు పడి నీళ్ళు బురదెక్కినప్పుడు క్లోరిన్ మోతాదు పెంచుతారు. దాన్ని పీల్చుకోవాల్సిన మీ కార్బన్ ట్యాంకు అప్పటికే అరిగిపోయి ఉంటే క్లోరిన్ నుంచి పుట్టే క్లోరమైన్ నేరుగా లోపలికి. ఆర్వో మెంబ్రేన్ దాన్ని పూర్తిగా ఆపదు. ఎర్రకణాలు పగిలిపోతాయి, ట్యూబులో రక్తం నేరేడు పండు రసంలా కనిపిస్తుంది, పేషెంటు నడుం నొప్పి, ఛాతీ నొప్పి అంటాడు. ఒక్కడికి కాదు, ఆ షిఫ్టులో ముగ్గురు నలుగురికి ఒకేసారి. కార్బన్ ట్యాంకులు రెండు వరసగా పెట్టి, మొదటిదాని తర్వాత, ప్రతి షిఫ్టు ముందూ, ప్లాంటు పావుగంట నడిచాక శాంపిల్ తీసి చూడాలి. మొత్తం క్లోరిన్ లీటరుకి 0.1 మి.గ్రా. దాటితే షిఫ్టు మొదలెట్టొద్దు. పొద్దున్న ఒకసారి చూసి మూడు షిఫ్టులకీ ఒకే అంకె రాసేసే రిజిస్టర్లే ఎక్కువ.

#14 ఏటిగురూ
డాక్టరీ చదివి వాటర్‌వర్క్స్ ఉద్యోగం. అమ్మానాన్నలకి చెప్పారా?

#15 సిలిండర్_కీ
మత్తు డాక్టరుకి వైజాగ్ ఎందుకంటే, చిన్న నర్సింగ్ హోములు ఇంకా బతికున్నాయి. కార్పొరేట్లు వచ్చి తొక్కేశాయన్నా గాజువాక, పెందుర్తి, గోపాలపట్నం, కంచరపాలెం వైపు పది, ఇరవై పడకలవి చాలానే ఉన్నాయి. వాళ్ళకి జీతం మీద మత్తు డాక్టరుని పెట్టుకునే స్తోమత ఉండదు, కేసుకింత. స్కూటర్ మీద పొద్దున్న రెండు, మధ్యాహ్నం రెండు చేసుకోవచ్చు. ఎవడి కిందా చెయ్యక్కర్లేదు. నెల మొత్తానికి జీతం వచ్చే వాడితో పోల్చితే తక్కువేం కాదు, కానీ సెలవు పెడితే సున్నా.

కష్టం ఏంటంటే ప్రతిచోటా మెషీన్ వేరు, నమ్మకం సున్నా. సంచిలో మన సామాను మనదే ఉండాలి: లారింగోస్కోపు రెండు బ్లేడ్లు, విడి బ్యాటరీలు, విడి బల్బు, ఎల్ఎంఏ 3, 4 సైజులు, బూజీ, 25 గేజ్ స్పైనల్ సూదులు, పల్స్ ఆక్సీమీటరు, ఎడ్రినలిన్, అట్రోపిన్, మెఫెంటెర్మిన్, ఇంట్రాలిపిడ్ ఎక్కడ దొరుకుతుందో తెలిసిన ఫోన్ నంబరు.

ఆక్సిజన్ లెక్క ఎవరూ చెప్పరు. డి టైపు పెద్ద సిలిండర్లో 7 ఘనపు మీటర్లు, అంటే 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతే పదకొండున్నర గంటలు. మెషీన్‌కి తగిలించే చిన్న బి టైపులో 1,500 లీటర్లే. 8 లీటర్లకి మూడు గంటలు, అదీ నిండుగా ఉంటే. గేజి సగం చూపిస్తే గంటన్నర. కేసు మధ్యలో వెంటిలేటర్ బ్యాగు ఊదాల్సొస్తే ఇంకా తక్కువ. రెండో సిలిండర్ ఉంది సార్ అంటారు, ఉంటుంది, దాన్ని తెరిచే కీ ఉండదు. కీ వార్డులోని సిలిండర్ దగ్గరికి వెళ్ళి ఉంటుంది. అందుకే సంచిలో ఒక కీ, సొంతది, దారం కట్టి. ఇండక్షన్‌కి ముందు మీ చేత్తో రెండో సిలిండర్ తెరిచి, గేజి చూసి, మళ్ళీ మూసి అప్పుడు మొదలెట్టండి. సక్షన్ కూడా అంతే, చేతి మీద పెట్టి లాగుతోందో లేదో చూడాలి, మోత విని నమ్మొద్దు.

#16 గాజువాక_గైనిక్
@సిలిండర్_కీ ఆ కీ సంగతి నూటికి నూరు నిజం. రాత్రి పూట సిజేరియన్‌కి మత్తు డాక్టరు ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటి రావాలా అక్కర్లేదా అన్నదే ఇక్కడ నర్సింగ్ హోముల జాతకం. బిడ్డ గుండె తగ్గిపోతే అరగంటలో కోత పడాలి. అందుకే గాజువాక వాళ్ళు గాజువాకలో ఉండే మత్తు డాక్టరుకి కాస్త ఎక్కువైనా ఇస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళు ఎంవీపీ, సిరిపురం అని ఇళ్ళు వెతుకుతారు. ఖాళీ ఉన్నది ఇటువైపు.

#17 హైటెక్_విసుగు
గాజువాకలో ఇల్లంటే ఇంటావిడ ఒప్పుకోవాలిగా.

#18 గాజువాక_గైనిక్
@హైటెక్_విసుగు ఇంటావిడే మత్తు డాక్టరైతే ఇంటాయన ఒప్పుకోవాలి. పోస్టు పెట్టేముందు కాస్త ఆలోచించండి బాబూ.

#19 పారాక్లినికల్
అసలు కారణం ఇప్పుడు దగ్గరికొచ్చింది. డాక్టర్లు డాక్టర్లనే చేసుకుంటారు. ఒకరు కార్డియాలజీ అయితే ఇంకొకరు పెథాలజీయో మైక్రోబయాలజీయో ఫిజియాలజీయో. ఆ రెండోవాళ్ళకి ఉద్యోగం ఎక్కడ? మెడికల్ కాలేజీలో. వైజాగ్ నడిబొడ్డు నుంచి గంట, గంటన్నర దూరంలో లెక్కెయ్యండి: ఏఎంసీ, రుషికొండ గీతం, మారికవలస గాయత్రి, సంగివలస ఎన్ఆర్ఐ, నెల్లిమర్ల మహారాజా, 2023లో విజయనగరం ప్రభుత్వ కాలేజీ. ఇవన్నీ ఒకే ఇంటి నుంచి రోజూ వెళ్ళొచ్చేవే. ఒకచోట పొసగకపోతే ఇల్లు మారకుండా ఇంకోచోట చేరొచ్చు. పిల్లల స్కూలూ మారదు.

జాగ్రత్త ఒకటే. అసిస్టెంట్‌గా నాలుగేళ్ళు, అసోసియేట్‌గా మూడేళ్ళు అనుభవం, పరిశోధన వ్యాసాలు ఉంటే పైమెట్టు. ఆధార్ హాజరు 75 శాతం తప్పనిసరి అయ్యాక "పేరు మాత్రం పెట్టండి, వారానికి రెండుసార్లు వస్తా" అన్న పాత ఏర్పాట్లు సాగవు. సంగివలస వెళ్ళి సాయంత్రం ఆరుకి మహారాణిపేటలో క్లినిక్ తెరవాలంటే మధురవాడ ట్రాఫిక్ కలుపుకుని లెక్క చూసుకోండి.

#20 కేజీహెచ్_డౌన్
ఈ పాయింటు నా జవాబు కంటే గట్టిది. వెనక్కి తీసుకోను గానీ కిందకి జరుగుతా.

#21 సీసపు_ఏప్రాన్
రేడియాలజీ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే: ఒక జిల్లాలో రెండు కేంద్రాలకి మించి అల్ట్రాసౌండ్ రిజిస్ట్రేషన్‌లో మీ పేరు ఉండకూడదు. పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ) చట్టం నిబంధన, 2012 నుంచి. "మా మూడు బ్రాంచీలూ చూసుకోండి సార్" అని ఆఫర్ ఇస్తారు, సంతకం మీది, జైలు మీది. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి అనకాపల్లి సెంటరుకి అక్కడి అధికారి దగ్గర వేరే దరఖాస్తు.

ఫారం ఏతో దరఖాస్తు, ఒక్క రకం సేవకి రూ.25,000, అన్నీ కలిపితే రూ.35,000, అయిదేళ్ళకి చెల్లుతుంది. ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్, నెలవారీ నివేదిక తర్వాతి నెల 5వ తేదీలోపు. మెషీన్ మార్చినా, గది మార్చినా, డాక్టరు మారినా 30 రోజుల ముందే చెప్పాలి. ఎక్కువమంది దొరికేది లింగనిర్ధారణలో కాదు, ఫారం ఎఫ్‌లో ఖాళీ వదిలిన గడుల్లో, పాత మెషీన్ మూలన పెట్టి చెప్పకపోవడంలో. మెషీన్‌కి సీలేస్తే నెలలు పడుతుంది.

ఎక్స్‌రే పెడితే అణు నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) వారి ఈలోరా పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, తలుపుకి సీసం రేకు, రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు మూడు నెలలకోసారి పంపాలి. అద్దె బిల్డింగుల్లో పార్టిషన్లన్నీ నాలుగున్నర అంగుళాల గోడలే. ఇది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

#22 బూజు_లెన్సు
బీచ్ బీచ్ అంటున్నారు కదా, దాని బిల్లు నేను చెప్తా.

కంటి ఆపరేషన్ మైక్రోస్కోపు లెన్సులకి బూజు పడుతుంది. మొదట మూలల్లో సాలెగూడు పోగుల్లా, తర్వాత మధ్యకి. చూపు మసకేసేదాకా ఎవరూ గమనించరు. బల్బు పాతదైందనుకుని బల్బు మారుస్తారు. ఆపరేషన్లయ్యాక మధ్యాహ్నం ఏసీ కట్టేస్తారు, గాజు ఇంకా చల్లగా ఉంటుంది, తలుపు తీసి తుడుస్తుంటే బయటి తేమగాలి వచ్చి దాని మీద చెమ్మగా దిగుతుంది. ఆపైన శ్రద్ధగా పాలిథీన్ కవరు తొడుగుతారు. బూజుకి అంతకంటే ఏం కావాలి!

కవరు గుడ్డది వాడండి. ఏసీ కట్టాక ఒక గంట డీహ్యూమిడిఫయర్ నడవనివ్వండి, తేమ 60 శాతం లోపు ఉండాలి. గోడకి కొన్ని వందల రూపాయల హైగ్రోమీటరు తగిలించండి. ఐపీస్‌లు, ఆబ్జెక్టివ్ తీసి సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. నీలం గులాబీ అయితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ నీలం అవుతుంది. బూజు లోపలి గాజుకి పట్టాక స్పిరిట్‌తో తుడవడం దండగ, పూత గీసుకుపోతుంది. ఇంజనీరు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలి.

#23 ఉప్పుచేప_పప్పుచారు
ఏసీ బయటి యూనిట్లూ అంతే. బీచ్‌రోడ్డు వైపు పెడితే రెండు మూడేళ్ళలో రేకులు తెల్ల పొడిగా రాలిపోతాయి. నెలకోసారి మంచినీళ్ళతో కడగాలి, లేదా గోడకి అవతలి పక్కన పెట్టాలి. సముద్రం కనిపించే క్లినిక్‌కి అద్దె ఎక్కువ, కాయిల్ ఖర్చు అదనం.

#24 హుద్‌హుద్_జనరేటర్
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తర్వాత కరెంటు రోజుల తరబడి లేదు. అది గుర్తున్నవాళ్ళు 72 గంటల డీజిల్ లెక్కేసుకుంటారు. 125 కేవీఏ జనరేటర్ ముప్పావు లోడు మీద గంటకి 20 లీటర్ల దాకా తాగుతుంది, 72 గంటలకి 1,440 లీటర్లు. లైసెన్సు లేకుండా డీజిల్ 2,500 లీటర్ల దాకా నిల్వ పెట్టుకోవచ్చు, కానీ ఏ ఒక్క పీపాలోనూ 1,000 దాటకూడదు. జనరేటర్ సెల్లార్‌లో పెట్టకండి. వాన నీళ్ళు ముందు దిగేది అక్కడికే.

#25 మార్చి_గడువు
ఇవన్నీ సొంతంగా పెట్టుకునేవాళ్ళకి. కార్పొరేట్‌లో చేరేవాడి సంగతి? రెండేళ్ళు మినిమం గ్యారంటీ అంటున్నారు.

#26 బిల్లింగ్_బాబాయ్
బాబూ, ఎంజీ అంటే జీతం కాదు. లెక్క కోసం నెలకి 4 లక్షలనుకో. వృత్తి ఫీజు కింద 10 శాతం, 40 వేలు టీడీఎస్ పట్టుకుని 3.6 ఇస్తారు. పీఎఫ్ లేదు, జీతంతో సెలవు లేదు. ఏడాదికి 48 లక్షలు, అంటే 50 లోపు, కనక డాక్టర్లలాంటి వృత్తివాళ్ళకున్న అంచనా పన్ను పద్ధతిలో సగం ఆదాయంగా చూపించొచ్చు. నగదు 5 శాతం దాటకపోతే ఆ హద్దు 75 లక్షలు. సాయంత్రం క్లినిక్‌లో నగదు తీసుకుంటే అదీ ఈ లెక్కలోకే వస్తుంది, మర్చిపోయి హద్దు దాటేవాళ్ళు ఉన్నారు.

ఎంజీ అయ్యాక చేసిన పనికి వాటా. అప్పుడు అసలు రంగు. పథకం కేసుల్లో కోత పడితే మీ వాటాలో కోస్తారా, ఆసుపత్రి భరిస్తుందా, ఇది ఒప్పందంలో రాయించండి. ఎన్టీఆర్ వైద్య సేవలో కోతలు చాలావరకు వైద్యం తప్పుకి కావు, కాగితం తప్పుకి: స్టెంటు స్టిక్కరు అతికించలేదు, ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రే అప్‌లోడ్ కాలేదు, పడక మీది ఫొటోలో మొహం కనిపించలేదు, డిశ్చార్జి తేదీకీ నోట్స్ తేదీకీ పొంతన లేదు. బకాయిలు నెలల తరబడి ఆగి, నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలూ చూశాం. అప్పుడు మీ వాటా కూడా "రాగానే ఇస్తాం".

ఇక "వదిలాక రెండేళ్ళు 10 కిలోమీటర్ల లోపు ప్రాక్టీసు చెయ్యకూడదు" అనే షరతు ఉంటుంది. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగం వదిలాక అది చెల్లదు. ఉండగా మాత్రం చెల్లుతుంది. మూడు నెలల నోటీసు నిజంగానే పట్టుకుంటారు.

#27 తుని_జంక్షన్
@బిల్లింగ్_బాబాయ్ ఇదే రాస్తూ అసలు విషయం దాటేశారు. పేషెంట్లని పంపినందుకు ఆర్ఎంపీలకిచ్చే కట్ సంగతి ఎవరూ ఎత్తరేం?

#28 బిల్లింగ్_బాబాయ్
@తుని_జంక్షన్ ఎత్తుదాం. 2002 నీతి నియమావళి 6.4 ప్రకారం కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తప్పే. అయినా నడుస్తోంది. ఎంజీ ఉన్నంతకాలం ఆసుపత్రి మార్కెటింగ్ వాళ్ళు చూసుకుంటారు, మీకు తెలీదు. సొంతంగా పెట్టాక మీ గుమ్మం ముందుకొస్తుంది.

#29 రెండో_క్యాథ్‌ల్యాబ్
కట్ ఇవ్వకుండా నిలబడినవాళ్ళు చేసేది ఒకటే: పంపిన మనిషికి అదే రోజు ఫోన్, డిశ్చార్జి నాడు ఏం చేశామో తెలుగులో ఒక పేజీ, తర్వాతి చెకప్‌లో సగం మళ్ళీ అతని దగ్గరే. ఊళ్ళో అతని పరువు నిలబడుతుంది. ఫలితం రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఈఎంఐ మొదటి నెల నుంచే ఉంటుంది, అదే చిక్కు. అందుకే మొదటి మూడేళ్ళు కోటి రూపాయల మెషీన్ కొనొద్దనేది.

#30 జైపూర్_బస్సు
ఒడిశా పేషెంట్లని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు. కిరండూల్ పాసింజరు రాత్రికి దింపుతుంది, పొద్దున్నే ఓపీకి వస్తారు, సాయంత్రంలోగా తేలిపోవాలి, లేకపోతే ఇంకో రోజు లాడ్జి. వీళ్ళకి రక్తపరీక్షలు తొమ్మిదికే తీసి రెండింటికల్లా చూసి పంపే ఏర్పాటున్న క్లినిక్కులే నిండుతున్నాయి. రిసెప్షన్‌లో ఒడియా వచ్చిన మనిషి ఒకరు తప్పనిసరి. కోరాపుట్ వైపు మాట్లాడే దేశియా యాస కూడా వస్తే మరీ మంచిది. మందుల చీటీ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మ వెయ్యండి. ఎన్టీఆర్ వైద్య సేవ వీళ్ళకి వర్తించదు. 2025లో ఒడిశా ఆయుష్మాన్‌లో చేరింది కనక కార్డు అడగండి, మీ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

#31 ఏటిగురూ
సూర్యుడు, చంద్రుడు బొమ్మ వేసే డాక్టరు చేతిరాత ఎలాగుంటాదో మరి. సూర్యుడు కాస్తా ఆమ్లెట్టులా ఉంటే భోజనానికి ముందా తర్వాతా?

#32 మార్చి_గడువు
నవ్వు ఆగట్లేదు. సరే, కార్డియాలజీ వాడికి 6, 26 పోస్టులు, మత్తు వాడికి 15, 16 పంపించా. వాడు ఇప్పుడు గాజువాకలో ఇళ్ళు చూస్తున్నాడు. నెఫ్రాలజీ వాడు మాత్రం మధురవాడ బిల్డింగుకి ఆదివారం అడ్వాన్సు ఇస్తానంటున్నాడు.

#33 ఆర్వో_ప్లాంటు
ఆదివారం వద్దు. మామూలు రోజు తెల్లవారుజామున వెళ్ళమను, కుళాయి వచ్చే వేళకి. చేతిలో బకెట్టు, వాచీ, టీడీఎస్ మీటరు. బోరు నీళ్ళు పది నిమిషాలు వదిలేశాక సీసా పట్టి ల్యాబుకి పంపి, రిపోర్టు వచ్చాక అడ్వాన్సు మాట.

#34 సీసపు_ఏప్రాన్
పనిలో పని, టేపు కూడా పట్టుకెళ్ళమను. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కొలిచి రమ్మను.